ఒకే నంబరు మీద ఏడుగురు

గ్యాసు బండి వచ్చే వేళకు యేసమ్మ ఇంట్లో ఉండదు. ఆ సోమవారమూ అంతే అయింది. ఆమె స్త్రీల కూటానికని చర్చికి వెళ్లిన కాసేపటికే ప్రొద్దుటూరులోని ఆ సందులో సిలిండర్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినిపించింది. కోడలు షారోన్ పిండిచేతులతోనే గేటు దగ్గరికి పోయింది. సిలిండరు దించిన మనిషి భుజం మీది గుడ్డతో మెడ తుడుచుకుని నంబరు అడిగాడు. కనెక్షను అత్త పేరు మీద ఉంది, నంబరు అత్త ఫోనుకే వస్తుంది. షారోన్ చిటికెనవేలితో ఫోను నొక్కింది. అవతల ముందు పాట వినిపించింది, ఆ తర్వాత పాటలోంచి వరండాలోకి నడిచొచ్చిన చెప్పుల చప్పుడు వినిపించింది. టీచరుగా రిటైరైన యేసమ్మ అంకెలను ఒక్కొక్కటే, పిల్లలకు ఎక్కం చెప్పినట్టు చెప్పింది. షారోన్ వాటిని గేటు మీదుగా గట్టిగా అందించింది. ఎదురింటివాళ్లకూ వినపడే ఉంటుంది. బండి వెళ్లిపోయింది. అందులో వింతేమీ ఎవరికీ కనపడలేదు.

చేతులు కడుక్కుని ఆమె మళ్లీ భోజనాల బల్ల ముందు కూర్చుంది. ఆ బల్ల సగం ఆమె ఆఫీసు, సగం అత్త కూరగాయలది. ఇంట్లో కూర్చుని వెబ్ అప్లికేషన్లు చేసిపెట్టడం షారోన్ పని. ఇప్పుడు చేస్తున్నది పెన్నా మహిళా కుట్టుసంఘానిది. బడిపిల్లల యూనిఫాం గుడ్డను సంఘం ప్రొద్దుటూరులో కత్తిరించి, కట్టలు కట్టి, జమ్మలమడుగు, పులివెందుల కేంద్రాలకు పంపుతుంది. ఆడవాళ్లు ఆ కట్టలు ఇంటికి తీసుకుపోయి కుట్టి తెస్తారు. ఇన్నాళ్లూ ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లకు నిక్కర్ల కట్ట, మెత్తగా ఉండేవాళ్లకు కాలరు చొక్కాల కట్ట దొరికేవి. నిక్కరు సగం నిద్రలోనైనా కుట్టవచ్చు. కాలరు అలా కాదు. మూల తిప్పేచోట ఒక్క దారం అటూఇటూ అయితే పిల్లవాడి మెడ కింద నాలుకలా వేలాడుతుంది. ఇకమీదట కేంద్రంలో పెట్టిన ట్యాబ్‌లో ఎవరి పేరుతో వాళ్లు లోపలికి వెళ్లి తమ వంతులో కట్ట ఎంచుకుంటారు. అది కుట్టి అప్పజెప్పేదాకా రెండోది రాదు.

అంతా అయిపోయింది, గుమ్మం ఒక్కటి తప్ప. ఒకామె వచ్చి నేను ఫలానా అంటే, ఆమె ఆ ఫలానాయేనని అప్లికేషన్ ఎలా నమ్మాలి?

లాగిన్ వ్యవస్థను సొంతంగా తయారు చేసుకోకూడదని షారోన్‌కు బాగా తెలుసు. వంట మనమే వండుతాం గానీ కుక్కరు సేఫ్టీ వాల్వును ఎవరూ ఇంట్లో చేసుకోరు. చాలామంది వాడి, కొందరు పగలగొట్టాలని చూసి, పగలక నిలిచినదాన్నే తెచ్చుకోవాలి. అలాంటిదాన్ని ఒకటి ఎంచి పెట్టుకుంది. మిగిలిందల్లా అది మనిషిని ఏమడగాలన్నదే. పాస్‌వర్డు పెడితే మరిచిపోతారు. ఈమెయిల్ అంటే, అది ఫోను కొన్నప్పుడు అంగడతను పెట్టింది, ఇప్పుడు అతనికే గుర్తుండదు. వేలిముద్ర అంటే, కుట్టేవాళ్ల వేలికొనలు సూది పోట్లతో జల్లెడలై ఉంటాయి. చివరికి ఫోనుకు వచ్చే ఓటీపీ దగ్గర ఆమె వేలు ఆగింది. సంఘం కార్యదర్శి దేవరాజు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, వాళ్ల చర్చిలోనే పెద్ద. బ్యాంకులకు సరిపోయింది మనకు సరిపోదా అమ్మా అని ఆయన ఫోనులోనే ఒప్పేసుకున్నాడు.

జమ్మలమడుగు కేంద్రం చూసే కుసుమ పోయిన వారమే అందరి పేర్లు, ఫొటోలు, ఫోను నంబర్లు ఎక్కించి పెట్టింది. నెట్టు నిదానమై ఒక్కొక్కరిని రెండు మూడు సార్లు నొక్కింది కాబోలు, ఒకే మనిషి చాలాచోట్ల కనపడుతోంది. ఆ చెత్త ఊడ్చడానికి షారోన్ ఒక్క వరుస రాసింది. నంబరు ఒకటే అయితే మనిషీ ఒకరే. నడిపి చూసింది. జాబితా కడిగిన పళ్లెంలా వచ్చింది. టీ పెట్టుకుని, జమ్మలమడుగులో రేపటినుంచి వాడి చూడమని దేవరాజుకు కబురు పంపింది. శనివారం పులివెందుల హాల్లో సంఘం సభ ఉంది. ప్రారంభం అక్కడే.

బుధవారం మధ్యాహ్నం దేవరాజు ఫోను చేశాడు. గొంతులో పిల్లవాడి జేబులో గోలీలు పట్టుకున్న మాస్టారి హుషారు ఉంది.

"షారోనమ్మా, నీ అప్లికేషను మొదటి దినమే దొంగను పట్టిందమ్మా."

విషయమిది. జమ్మలమడుగులో ఖమర్‌బీ అనే ఆమె తన ఒక్క నంబరు మీద ఏడు పేర్లు ఎక్కించుకుంది. ఏడు కట్టలు కాజేయాలని చూసింది. అప్లికేషన్ ఒక్కటే ఇచ్చి మిగిలినవి ఆపింది. కుసుమకు చెప్పి ఆమె పేరు కేంద్రంలో అందరి ముందూ చదివించాననీ, తీసుకున్న కట్ట వెనక్కి తెప్పించి, సభ్యత్వం కార్డు తన దగ్గరికి పంపించుకున్నాననీ, విచారణ అయ్యేదాకా పని లేదనీ చెప్పాడు. షారోన్‌కు ముందు సంతోషమే కలిగింది. తను వేసిన తాళం పనిచేసింది కదా.

ఆ సంతోషంతోనే ఆమె నిన్నటి నమోదులు తెరిచింది. ఖమర్‌బీ పేరు మీద ఒక కట్ట వెళ్లింది. తర్వాత అదే పేరుతో మళ్లీ మళ్లీ లోపలికి వచ్చారు. ప్రతిసారీ ఓటీపీ సరిగ్గానే కొట్టారు. ప్రతిసారీ, మీ దగ్గర ఇప్పటికే ఒక కట్ట ఉంది అని చెప్పించుకుని వెళ్లిపోయారు. దొంగ అయితే ఒకసారి లేదనిపించుకున్న గుమ్మంలోకే అన్నిసార్లు ఎందుకొస్తుంది? ఊడ్చేముందు జాబితా ఎలా ఉండేదో చూద్దామని షారోన్ పాత కాపీ తీసింది. ఆ నంబరుకు ఎదురుగా ఏడు ఫొటోలు ఉన్నాయి. ఒకామెకు రూపాయి బిళ్లంత కుంకుమ, ఒకామెకు రెండు పక్కలా ముక్కుపుడకలు, ఒక పిల్లకు ఇంకా పసుపు ఆరని తాళి. కెమెరాను చూసి కళ్లు పెద్దవి చేసినవాళ్లు కొందరు, నవ్వు ఆపుకుంటున్నవాళ్లు కొందరు. దొంగపేర్లకు ముఖాలు ఉండవు. తను రాసిన వరుస అందులోంచి ఒక్క ముఖాన్ని ఉంచి ఆరుగురిని ఊడ్చేసింది. ఆ మిగిలిన ముఖం ఖమర్‌బీది. తలమీద కొంగు, వెడల్పు నుదురు, చెవి దగ్గర గుచ్చి మరిచిపోయిన గుండుసూది.

షారోన్ వెంటనే దేవరాజుకు ఫోను చేసి, పొరపాటు తనదని చెప్పింది. ఆయన విన్నాడు. విని, నిదానంగా, ఏడిళ్ల తాళంచెవులు ఒకరి చేతిలో ఉంటే ఆమెను ఏమనాలమ్మా అని అడిగాడు. ఈరోజు నంబరు చెప్తుంది, రేపు చెప్పనంటుంది. చెప్పాలంటే నాకేమిస్తావంటుంది. అట్లాంటి వాళ్లను తను చాలామందిని చూశానన్నాడు. ఆ మాట పూర్తిగా తప్పని షారోన్‌కూ అనిపించలేదు. అందుకే మరునాడు పొద్దున ఆమె జమ్మలమడుగు బస్సెక్కింది.

కేంద్రంలో కుసుమ కట్టల మధ్య నిలబడి ఇస్త్రీ పెట్టె తీగ చుట్టుకుంటోంది. షారోన్ ఎవరో తెలియగానే ముఖం ముడుచుకుంది. ఆ నంబర్లు ఎక్కించింది తనేననీ, ఆ సందులో ఆడోళ్లు అందరూ ఖమరక్క నంబరే రాయమన్నారనీ, ఎప్పుడూ అట్లానేననీ చెప్పింది. మరి సార్ చదవమన్నప్పుడు ఆ మాట చెప్పలేదా అని షారోన్ అడిగితే, కుసుమ తీగ చుట్టడం ఆపలేదు.

"సార్ అడిగింది చదువుతావా లేదా అని. ఎవరు ఎక్కించినారని అడగల్యా."

సందు మైలవరం పోయే రోడ్డు పక్కనే ఉంది. గొర్రెలు తోలుకుని మగవాళ్లు పొద్దున్నే వెళ్లిపోయారు. దొడ్లలో ఎండుతున్న పెంటికల వాసన, ముళ్లకంప మీద ఆరేసిన చీరలు. ప్రతి వసారాలోనూ ఒక తొక్కుడు మిషను ఉంది, ఒక్కటీ నడవడం లేదు. ముక్కుపుడకల ఆమెను షారోన్ ఫొటోను బట్టి గుర్తుపట్టింది. పేరు పెంచలమ్మ. మేకపిల్ల కాలికి గుడ్డ కడుతూ కూర్చుని ఉంది. మీకు ఫోను లేదా అని షారోన్ అడిగితే, ఇంత తెలియదా అన్నట్టు తలెత్తింది.

"ఉండాది. గొర్రెలెంట పోతాది. గొర్రెలు యాడుంటే ఫోను ఆడ. ఆ గుట్టల్లో నంబరొస్తే ఎవరు చదవాల, పొట్టేలా?"

ఒక్కసారి మొదలుపెట్టాక పెంచలమ్మ ఆగలేదు. ఖమర్‌బీ మొగుడు కమాల్ బాషా ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు. తను మాట్లాడడానికని పెళ్లానికో ఫోను కొనిచ్చాడు. పగలంతా ఇంట్లో ఉండే ఫోను ఈ సందులో అదొక్కటే. గ్యాసుకైనా, రేషనుకైనా, బ్యాంకుకైనా అందరూ ఆ నంబరే రాయిస్తారు. నంబరు రాగానే ఆమె మిషను తొక్కడం ఆపి గోడ మీదుగా కేకేస్తుంది. మొన్న మంగళవారం కేంద్రంలోనూ తన పని మానుకుని అందరికీ నంబర్లు చదివి చెప్పింది. మొదట తను కట్ట తీసుకుంది. ఆ తర్వాత పెంచలమ్మ అదే ఫోనుకు వచ్చిన తన నంబరు కొడితే తెరమీద ఖమర్‌బీ బొమ్మ వచ్చి, నీ దగ్గర కట్ట ఉంది పో అంది. మిగతావాళ్లకూ అంతే. అప్పుడు నోరు జారింది పెంచలమ్మే. మా కట్టలన్నీ నీ పేర రాయించుకుంటివా అక్కా అన్నది. మరునాడు కుసుమ ఆ పేరు చదివినప్పుడు ఖమర్‌బీ కట్ట తెచ్చి బల్లమీద పెట్టి, ఇంటికి పోయి ఫోను ఆపేసింది.

"నిన్న గ్యాసు బండి వచ్చి తిరిగిపాయె," అంది పెంచలమ్మ, మేకపిల్లను కిందికి దించుతూ. "ఆయక్క తలుపు తీయల్యా. నాకు పోయి అడిగే మొగం లేదు."

షారోన్ పిలిస్తే తలుపు తెరుచుకుంది. ఖమర్‌బీ కుర్చీ కొంగుతో దులిపి వేసింది. మిషను మీద పాత చీర మడిచి కప్పి ఉంది. గుండుసూదుల డబ్బా, సుద్దముక్క, కత్తెర వరుసగా సర్ది ఉన్నాయి, పండగకు ఊరెళ్లేవాళ్లు సర్దినట్టు. పాలు లేవని చెప్పి, అడగకుండానే నల్లటీ పెట్టి ఇచ్చింది. షారోన్ టీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, అప్లికేషన్ రాసింది తనేనని, నంబరు ఒకటైతే మనిషి ఒకరేనని అనుకున్నది కూడా తనేనని, ఏడు ముఖాలు ఉన్నాయని కూడా చూడలేదని చెప్పింది. ఖమర్‌బీ గోడకు ఆనుకుని నిలబడి వింది.

"నంబర్లు ఎవురు చెప్పమన్నారు నన్ను? ఎవురూ చెప్పమనల్యా. నా కాలు ఆడతాంటే ఆపి చెప్తాంటి," అంది చివరికి. "ఇంగ చెప్పను. చెప్పకుంటే దొంగను కాదు గదా."

అంతలో షారోన్ ఫోనే మోగింది. యేసమ్మ. పింఛను పని మీద నెట్ సెంటరుకు వచ్చాననీ, తన ఆధార్‌కు ఉన్నది కోడలి నంబరేనని ఇప్పుడు గుర్తొచ్చిందనీ, నంబరు వచ్చుంటుంది బిన్నా, తొందరగా చెప్పమనీ, వెనకాల జనం ఉన్నారనీ ఒక్క ఊపిరిలో చెప్పింది. షారోన్ ఖమర్‌బీ వైపు చూసింది. వేరే దారి లేదు. వచ్చిన సందేశం తెరిచి అంకెలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది.

మొదటి అంకె వినగానే ఖమర్‌బీ ముఖం తిప్పుకుంది. కావాలని చేసినట్టు లేదు. ఎవరి ఇంట్లోనైనా బట్టలు మార్చుకుంటుంటే అటు తిరిగినట్టు, ఆమె మెడ దానంతటదే కిటికీ వైపు తిరిగింది. చదవడం అయిపోయి ఫోను పెట్టేసేదాకా ఇటు చూడలేదు. చూసినప్పుడు పెదవి చివర ఏదో కదిలింది.

"మీ అత్తనా?"

"అవును. మా గ్యాసు నంబరు ఆమెకు వస్తాది. ఆమె ఆధార్ నంబరు నాకు."

"ఆ మాట సార్‌కు చెప్పొద్దండి," అంది ఖమర్‌బీ. "మీ అత్త కార్డు గూడ తీసేసుకుంటాడు."

ముందు నవ్వింది షారోనే. గుమ్మంలో అలికిడి అయింది. పెంచలమ్మ చిన్న గిన్నెలో మేకపాలు తెచ్చి, లోపలికి రాకుండా, గడప మీద పెట్టి నిలబడింది. ఖమర్‌బీ ఆ గిన్నెను కాసేపు చూసింది. తర్వాత దాన్ని తీసుకుపోయి పొయ్యి మీద పెట్టి, మళ్లీ టీ పొడి వేసింది. పెంచలమ్మ లోపలికి వచ్చి కింద కూర్చుంది. మొన్న అన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఏటీఎం కాడ గూడ ఈయక్క ఇట్లనే మొగం తిప్పుకొని నిలబడతాది మేడం, కావలి ఉండమంటే ఉంటాది గానీ చూడదు, అని మాత్రం పెంచలమ్మ షారోన్‌తో చెప్పింది. టీ తాగాక ఖమర్‌బీ ఫోను తీసి వెలిగించింది. ఆగిన సందేశాలన్నీ టకటకా వచ్చి పడ్డాయి. ఆమె వాటిని చూస్తూ ఎవరిది ఏదో చెప్పసాగింది.

బయలుదేరేటప్పుడు షారోన్, మీకేం కావాలి అని అడిగింది. పెంచలమ్మ తన బొమ్మ తనకు రావాలంది. ఖమర్‌బీ మిషను మీది చీర మడతలో వేలు పెట్టి సరిచేస్తూ చెప్పింది.

"నా కార్డు నాకు యియ్యాల. మూలకు పిలిచి యిస్తే తీసుకోను. పదిమందిలో నా పేరు ఎట్ల చదివినారో, అట్లనే పదిమందిలో యియ్యాల."

శుక్రవారం పొద్దున బల్లకు అటువైపు యేసమ్మ అనపకాయలు ఒలుస్తోంది. ఇటువైపు షారోన్ తను రాసిన వరుస చెరిపేసింది. తాళం అదే ఉంచింది, ఆ నమ్మకమైన తాళంతో ఆమెకు పేచీ లేదు. అది అడిగే ప్రశ్న మార్చాలి. ఎవరి సభ్యత్వం సంఖ్య వాళ్లది, దానికి తోడు ఎవరికి వాళ్లు పెట్టుకునే నాలుగంకెల రహస్యం. ఫోనుతో పని లేదు. మూడుసార్లు తప్పు కొడితే మూసుకుంటుంది. ఇంతవరకు బాగానే వచ్చింది. మరి మరిచిపోతే? మామూలుగా అయితే ఫోనుకు ఓటీపీ పంపి తెరుస్తారు. మళ్లీ వెళ్లి ఆ ఫోను దగ్గరే పడుతుంది. పోనీ కుసుమ తెరవవచ్చు అంటే, అన్ని తాళంచెవులూ కుసుమ చేతికి పోతాయి. దేవరాజు అడిగిన ప్రశ్నే అక్కడా నిలబడుతుంది.

పైకే గొణుక్కుంది కాబోలు, యేసమ్మ గింజలు పళ్లెంలోకి రాలుస్తూ ఏందంట అని అడిగింది. షారోన్ చెప్పింది. ఒక మనిషి దగ్గర ఏ రుజువూ లేనప్పుడు ఆమె ఆమేనని ఎవరు చెప్పాలి?

"తెలిసినోళ్లు చెప్పాల. ఇంగెవరు చెప్తారు?" అంది యేసమ్మ. "నేను పెండ్లయి ఈ ఊరొచ్చినప్పుడు మా ఊరి చర్చి ఇచ్చిన ఉత్తరం తప్పిపోయింటే, మన చర్చిలో ఎట్ల చేర్చుకున్నారనుకుంటివి? ఇద్దరు లేచి నిలబడి, ఈ పాప మాకు తెలుసు అన్యారు. ఒకరైతే ఒప్పుకోరు. ఇద్దరు."

షారోన్ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఒకరైతే తాళంచెవి అవుతుంది. ఇద్దరైతే సాక్ష్యం. రహస్యం మరిచిపోయిన సభ్యురాలిని అక్కడున్న మరో ఇద్దరు సభ్యులు, తమ రహస్యంతో లోపలికి వచ్చి, ఈమె మాకు తెలుసు అని నొక్కితే కొత్త రహస్యం పెట్టుకోవచ్చు. ఎవరు నొక్కారో నమోదవుతుంది. అబద్ధమాడాలంటే ఇద్దరు కలిసి, పేర్లు పెట్టి ఆడాలి. మధ్యాహ్నానికి రాసేసింది. ఒక అనపగింజ ఎగిరొచ్చి కీబోర్డు సందులో పడితే, పిన్నీసుతో తీసి పళ్లెంలో వేసింది.

సాయంత్రం దేవరాజుకు వివరించింది. ఆయన, చర్చి వేరు, కంప్యూటరు వేరు అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు ఒకరి కోసం ఒకరు ఏదైనా చెప్తారన్నాడు. అయినా రేపే సభ, ప్రస్తుతానికి కానివ్వమన్నాడు. ఖమర్‌బీ కార్డు సంగతి అడిగితే, అది తన ఫైల్లో ఉందనీ, కమిటీ కూర్చున్నాక చూద్దామనీ చెప్పాడు. సభ్యులను పక్కన పెట్టే మీట ఒకటి అప్లికేషన్‌లో పెట్టమ్మా అని కూడా అన్నాడు. ఈసారి కుదరదండి సార్, అన్నీ మూసేశాను అంది షారోన్. లాప్‌టాప్ ఇంకా ఆమె ముందు తెరిచే ఉంది.

పులివెందులకు జమ్మలమడుగు వాళ్లు వ్యానులో వచ్చారు. ఖమర్‌బీ రానంటే పెంచలమ్మ, నువ్వు రాకుంటే వ్యాను కదలదని ముందు చక్రం పక్కన కూర్చుందట. హాలు వెనక అరటితోట ఉంది. కిటికీల్లోంచి ఆకులు లోపలికి తొంగి చూస్తున్నాయి. గోడ వారగా మిషన్లు జరిపి, మధ్యలో బల్ల వేసి, ట్యాబ్‌లు పెట్టారు. షారోన్ అందరికీ ఒకే మాట చెప్పింది. పుట్టిన సంవత్సరం వద్దు, బండి నంబరు వద్దు, ఇంకొకరు ఊహించేదేదీ వద్దు.

పెంచలమ్మ చాలాసేపు ఆలోచించింది. గొర్రెల లెక్క పెట్టుకుందామంటే మా ఆయప్పకు తెలుసు గదా మేడం, పెండ్లయినాక ఆయప్పకు తెలీనిది నాకాడ ఒగటీ లేదే అని బాధపడింది. పక్కనున్నవాళ్లు నవ్వారు. చివరికి ట్యాబ్‌ను ఒళ్లోకి తీసుకుని, కొంగు కప్పి, ఏదో కొట్టింది. తెరమీద ముక్కుపుడకలతో సహా తన బొమ్మే వచ్చింది. ఆమె దాన్ని తిప్పి అందరికీ చూపించింది. ఖమర్‌బీ తన వంతు వచ్చినప్పుడు తడుముకోలేదు. అంకెలతో ఆమెకు భయం లేదు. కట్ట ఎంచుకునే చోట కాలరు చొక్కాలను నొక్కింది. నిక్కర్ల కట్ట పక్కనే, ఎవరూ తీసుకోకుండా ఉందని షారోన్ చెప్పబోయి ఊరుకుంది.

దేవరాజు తన రహస్యం సభ మొదట్లోనే పెట్టుకున్నాడు. ఎవరూ ఊహించలేనిదే పెట్టాలని కళ్లు మూసుకుని పెట్టాడు. ఆ తర్వాత మైకు తీసుకుని మాట్లాడాడు. సంఘం పుట్టుక గురించి, క్రమశిక్షణ గురించి, బాధ్యత గురించి, తాళంచెవుల గురించి మాట్లాడాడు. అరటిపండ్లు పంచడం అయిపోయింది, తొక్కలు బుట్టలోకి చేరాయి, ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇక ప్రారంభిస్తున్నానని చెప్పి, అందరూ చూస్తుండగా ట్యాబ్ అందుకుని, నాలుగంకెలు నొక్కాడు.

తప్పు అంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ నొక్కాడు. మళ్లీ తప్పు అంది. మూడోసారి నొక్కేముందు కిటికీలోంచి అరటిచెట్ల వైపు చూశాడు, అక్కడేమైనా రాసి ఉంటుందేమోనన్నట్టు. మూసుకుంది.

ఆయన షారోన్ వైపు చూశాడు. షారోన్ దగ్గరికొచ్చి, ఇద్దరు సభ్యులు చెప్పాలి సార్ అంది, మెల్లగానే. ఆయన చేతిలోని మైకు ఆ మాటను హాలంతా వినిపించింది. అప్పటికి తమ రహస్యంతో లోపలికి వెళ్లి ట్యాబ్‌లు చేతిలో ఉన్నవాళ్లు ముందు వరుసలోని జమ్మలమడుగు వాళ్లు. పెంచలమ్మ ట్యాబ్‌లో దేవరాజు బొమ్మ వచ్చింది. ఈయన మీకు తెలుసా అని కింద రాసి ఉంది. ఆమె ఫొటోనూ మనిషినీ ఒకసారి చూసి, తెలుసులే అని నొక్కింది. ఇంకొకరు కావాలి. రెండో ట్యాబ్ ఖమర్‌బీ ఒళ్లో ఉంది.

ఖమర్‌బీ నొక్కలేదు. లేచి నిలబడింది. కొంగు సరిచేసుకుని ఆయన ముఖంలోకి చూసింది, కొలతలు తీసుకునేముందు మనిషిని చూసినట్టు.

"సార్, నేను మిమ్మల్ని ఎప్పుడూ చూడల్యా. పేరు ఇన్యా," అంది. "తెలీకుండా తెలుసని నొక్కితే అబద్ధమైతాది. అందుకని ఒగ మాట అడుగుతా. జమ్మలమడుగులో ఖమర్‌బీ దొంగ అని చదివించి, కార్డు తెప్పించుకున్న దేవరాజు సారు మీరేనా?"

కుసుమ నేల చూసింది. దేవరాజు మైకు దించబోయి, దించలేదు. ఆయన ఎన్నో ఏళ్లు పిల్లల చేత నిజం చెప్పించిన మనిషి. ఆ పని ఇటునుంచి ఎలా ఉంటుందో ఇప్పుడు చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"అవునమ్మా," అన్నాడు. "నేనే. అది తప్పు కూడానమ్మా."

మైకు రెండు మాటలనూ వెనక వరుస దాకా తీసుకుపోయింది. ఆయన ఫైలు తెరిచి, కాగితాల మధ్య నుంచి కార్డు తీసి, బల్ల దాటి వచ్చి, రెండు చేతులతో ఇచ్చాడు. ఖమర్‌బీ దాని మీద తన బొమ్మ చూసుకుంది. జాకెట్లో దోపుకుంది.

"అయితే మీరే సార్," అని చెప్పి, నొక్కింది.

ఆయన ట్యాబ్ తెరుచుకుని కొత్త అంకెలు అడిగింది. దేవరాజు అరచెయ్యి అడ్డం పెట్టుకుని, వేలు గాలిలో ఆపి, ఆలోచనలో పడ్డాడు. ఆయన ఎదురుగా నిలబడిన ఖమర్‌బీ అప్పటికే కిటికీ వైపు, అరటితోట వైపు, ముఖం తిప్పుకుని ఉంది.